ఒక పప్పు, రెండు వంటలు

తిరుత్తణి, తిరువళ్ళూరు, పళ్ళిపట్టు, ఊత్తుక్కోట వైపు తెలుగిళ్ళలో ఈ ప్రసంగం వింటున్న అమ్మలకు, అక్కచెల్లెళ్ళకు ఈ మాటలు. పొయ్యి దగ్గర తామూ ఒక చెయ్యి వేసే అన్నదమ్ములకు కూడా.

సంక్రాంతి దగ్గర పడింది. ఇంట్లో సరుకుల చీటీ రాయడం మొదలయ్యే ఉంటుంది. శనగపప్పు, బెల్లం, నూనె, నెయ్యి, యాలకులు, జీడిపప్పు. చీటీ రాస్తుంటేనే గుండె బరువెక్కుతుంది. అన్నీ కొనాలంటే నెల జీతంలో పెద్ద ముక్క పోతుంది. కొనకపోతే పిల్లల ముఖం చూడలేం. అందుకని చాలామంది మిఠాయి కొట్టుకు వెళ్ళి అరకిలో డబ్బా ఒకటి తెచ్చి, దేవుడి ముందు పెట్టి, పండగ అయిందనిపిస్తున్నారు. ఆ అరకిలోకు ఇచ్చే డబ్బుతో ఇంటిల్లిపాదికీ రెండు రోజులు తీపి పెట్టొచ్చు. ఇవాళ ఆ సంగతే చెబుతాను.

ఒక్క మాట పట్టుకుంటే చాలు. ఒక వంటలో మిగిలింది ఇంకో వంటకు మొదలు కావాలి. మళ్ళీ చెబుతున్నాను. ఒక వంటలో మిగిలింది ఇంకో వంటకు మొదలు కావాలి. మన చెరువు కింద పొలాలు చూడండి. పై మడి తడిశాక నీళ్ళు కింది మడికి పారతాయి. కింది మడికి విడిగా బావి తవ్వం. వంటిల్లు కూడా అలా నడవాలి. అలా నడవాలంటే ఏది ముందు వండాలో, ఏది వెనక వండాలో పొయ్యి వెలిగించక ముందే తేల్చుకోవాలి. వరస కుదిరితే ఖర్చు దానంతట అదే తగ్గుతుంది.

దీనికి మన ఇళ్ళలో అన్నిటికంటే మంచి ఉదాహరణ ఓళిగలు. బొబ్బట్లు అనండి, పోళీలు అనండి, మీ ఇంట్లో ఏ పేరైనా సరే. అరకిలో శనగపప్పు తీసుకుందాం. గంటసేపు నానబెడదాం. ఒక వెడల్పాటి గిన్నెలో, గ్లాసు పప్పుకు నాలుగు గ్లాసుల నీళ్ళు పోద్దాం. చిటికెడు పసుపు, రెండు చుక్కల నూనె. కుక్కరు వద్దు. కుక్కరులో పప్పు మెత్తగా చితికిపోతుంది, నీళ్ళూ పప్పూ కలిసిపోతాయి. మనకు అవి రెండూ విడివిడిగా కావాలి. మూత తీసి ఉడికించండి. పైకి వచ్చే నురగ తీసేయండి. ఒక పప్పు బద్ద తీసి వేళ్ళ మధ్య నొక్కితే మెత్తగా నలగాలి. అయితే గిన్నెలో మాత్రం బద్ద బద్దగానే కనిపించాలి. అదీ పదును.

ఇప్పుడు చిల్లుల గిన్నెలో వంపండి. ఇక్కడే అసలు సంగతి ఉంది. చిల్లుల గిన్నె కింద ఇంకో గిన్నె పెట్టండి. తూములో వంపకండి. కింద దిగే ఆ పసుపచ్చటి నీళ్ళను మనం కట్టు అంటాం. అరకిలో పప్పుకు నాలుగు గ్లాసుల దాకా కట్టు దిగుతుంది. పప్పులో ఉన్న సారం కొంత ఆ నీళ్ళలోకే దిగుతుంది. కట్టు పారబోస్తే కొన్న పప్పులో కొంత పారబోసినట్టే.

నీళ్ళు వార్చిన పప్పులో, మొదట తీసుకున్న పప్పుకు సమానంగా, అంటే అరకిలో బెల్లం వేసి మళ్ళీ పొయ్యి మీద పెట్టండి. బెల్లం కరిగి, పప్పుకు పట్టి, గరిటెకు గట్టిగా తగిలేదాకా తిప్పండి. యాలకుల పొడి వేసి దించి, రుబ్బండి. పూర్ణం తయారైంది. ముప్పై ఓళిగల దాకా వస్తాయి. ఇక రుబ్బిన గ్రైండరు చూడండి. రాయికి, గిన్నె అంచులకు పూర్ణం అంటుకుని ఉంటుంది. దాన్ని చెంచాతో ఎంత గీకినా పూర్తిగా రాదు. ఒక గ్లాసు నీళ్ళు పోసి ఒక్కసారి తిప్పండి. ఆ తియ్యటి కడుగు నీళ్ళు తీసుకెళ్ళి కట్టులో పోయండి. పాతకాలం అత్తలు రుబ్బురోలు కూడా ఇలాగే కడిగేవారు. ఓళిగల చారుకు ఆ లేత తీపి వచ్చేది అక్కడినుంచే.

అవును, ఓళిగల చారు. కట్టు చారు అని కూడా అంటాం. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి పులుసు తీయండి. రెండు ఎండు మిరపకాయలు, చెంచాడు ధనియాలు, అర చెంచా జీలకర్ర, కాసిని మిరియాలు, ఒక చిన్న ముక్క ఎండు కొబ్బరి దోరగా వేయించి పొడి కొట్టండి. కట్టులో పులుసు, పొడి, ఉప్పు, కరివేపాకు వేసి మరగనివ్వండి. బెల్లం వేయకముందే తీసిపెట్టిన ఉడికిన పప్పు ఒక పిడికెడు మెదిపి వేస్తే చిక్కగా ఉంటుంది. చిన్న ఉండ పూర్ణం వేస్తే ఇంకా రుచి. ఆవాలు, ఇంగువ పోపు. తెల్లారి ఈ చారు ఇంకాస్త బాగుంటుంది. పులుపు, కారం, తీపి మూడూ కుదురుకుంటాయి.

ఇప్పుడు లెక్క చూడండి. పండగ భోజనానికి అన్నం, ఓళిగలు, చారు, ఒక కూర, అప్పడం. సాంబారు కోసం విడిగా కందిపప్పు ఉడకేయలేదు. పప్పు మిగిలింది. గ్యాసు మిగిలింది. ఒక గిన్నె తోమే పని తప్పింది. ఒక పప్పుకు రెండు వంటలు వచ్చాయి. తీపి తిన్న నోటికి ఆ పుల్లటి చారు ఎంత హాయిగా ఉంటుందో తిన్నవాళ్ళకు తెలుసు. మనవాళ్ళు పొదుపును రుచికి ఎదురు నిలబెట్టలేదు. రెండింటినీ ఒకే విస్తట్లో కూర్చోబెట్టారు. నాకు మన వంటల్లో అన్నిటికంటే గర్వంగా అనిపించేది ఇదే.

శనగపప్పు ధర ఎక్కువగా ఉందనుకోండి. రేషన్ కార్డు మీద వచ్చే కందిపప్పుతోనూ ఓళిగలు చేసుకోవచ్చు. కర్ణాటకలో ఎన్నో ఇళ్ళలో కందిపప్పు పూర్ణంతోనే చేస్తారు. ఇంకా మెత్తగా వస్తాయి. నెయ్యి దగ్గర ఒక చిన్న జాగ్రత్త చెబుతాను. పెనం మీద కాల్చేటప్పుడు నూనె రాయండి. వడ్డించేటప్పుడు పైన ఒక చెంచా నెయ్యి వేయండి. నెయ్యి మనకు కావలసింది వాసనకు, నాలుకకు. పెనం మీద ధారగా పోస్తే సగం వాసన పొగలోనే పోతుంది. చివర వేస్తే ఉన్న కాస్త నెయ్యీ పూర్తిగా తినేవాళ్ళకే దక్కుతుంది.

పూర్ణం మిగిలిందా? పారేయాల్సిన పని లేదు, మళ్ళీ పిండి కలిపే ఓపిక లేకపోయినా పరవాలేదు. ఫ్రిజ్‌లో దోసెపిండి ఉంటుంది కదా. పులవని పిండి అయితే మంచిది. పూర్ణాన్ని ఉండలు చేసి, కాస్త చిక్కటి దోసెపిండిలో ముంచి నూనెలో వేయండి. బూరెలు. మన పక్కింటి తమిళ అక్క వాటిని సుయ్యం అంటుంది. పూర్ణం బదులు ఓళిగల పైపిండి మిగిలితే రాత్రికి రెండు చపాతీలు ఒత్తుకోవచ్చు. చూశారా, ఒక వంటలో మిగిలింది ఇంకో వంటకు మొదలైంది.

ఇదంతా మన పెద్దవాళ్ళు సరదాకు నేర్చుకోలేదు. ఇబ్బందిలో నేర్చుకున్నారు. 1942లో బర్మా జపాను సైన్యం చేతికి పోయింది. బర్మా నుంచి మద్రాసు రాజధానికి వచ్చే బియ్యం ఆగిపోయింది. ఆ తర్వాత రేషన్ రోజులు వచ్చాయి. బియ్యం కొలిచి ఇచ్చారు. పంచదార కొలిచి ఇచ్చారు. ఆ కాలం చూసిన ఆడవాళ్ళు రాగిపిండితో, తాటిబెల్లంతో, చెనక్కాయలతో పండగ చేసుకోవడం నేర్చారు. ఆ చేతి అలవాటే మన అమ్మమ్మలకు, అత్తలకు వచ్చింది. దూరదేశాల్లోనూ ఇదే జరిగింది. ఇంగ్లండులో 1940లో రేషన్ మొదలైంది. అక్కడ పంచదార మీద రేషన్ 1953 దాకా ఎత్తలేదు. ఆ ఇళ్ళలో ఎండిపోయిన రొట్టెముక్కలను నానబెట్టి, ఎండు ద్రాక్ష వేసి, పుడ్డింగు చేసుకునేవారు. అంత దూరం ఎందుకు, మన పక్కనే ఆంబూరు వైపు పెళ్ళి విందుల్లో బిర్యానీతో పాటు బ్రెడ్ హల్వా వడ్డిస్తారు. ఇంట్లో రెండో రోజు బ్రెడ్డు గట్టిపడితే మీరూ చేసి చూడండి. ఆ ముక్కలకు పాలు, బెల్లం, ఒక చెంచా నెయ్యి చాలు.

మన ప్రాంతానికి ఇంకో అదృష్టం ఉంది. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. సరిహద్దు గీత మారింది. వంటిళ్ళు మాత్రం అంతకు ముందే కలిసిపోయి ఉన్నాయి. నగరి, పుత్తూరు అలవాట్లు, కాంచీపురం, అరక్కోణం అలవాట్లు ఇక్కడ ఒకే పొయ్యి మీద ఉడుకుతాయి. మన అరిసె, తమిళుల అదిరసం ఒకే పిండితో పుట్టినవే. వాళ్ళు దీపావళికి చేస్తారు, అవతలి తెలుగువాళ్ళు సంక్రాంతికి చేస్తారు, మనం రెండింటికీ చేస్తాం. ఒక ఏడాదిలో రెండుసార్లు చేసే వంట కాబట్టి అరిసె దగ్గర పొదుపు తెలిస్తే రెండు పండగలూ గట్టెక్కుతాయి.

అరిసెకు కిలో బియ్యం, ముప్పావు కిలో బెల్లం. బియ్యం ఒక రోజంతా నానాలి. మధ్యలో నీళ్ళు రెండుసార్లు మార్చాలి. ఆ నీళ్ళు కూడా ఊరికే పోనివ్వకండి. ఇంట్లో ఆవు ఉంటే కుడితిలోకి, లేకపోతే కరివేపాకు చెట్టుకు. నానిన బియ్యం వార్చి, గుడ్డ మీద నీడలో ఆరబెట్టండి. పట్టుకుంటే చేతికి చల్లగా, తడిగా ఉండగానే పిండి పట్టించాలి. ఎండిన బియ్యం పిండితో అరిసె సరిగా రాదు. నూనెలో వేస్తే విడిపోతుంది. విడిపోయిన అరిసె నూనె ఎక్కువ తాగుతుంది. అంటే పిండి తడి కూడా నూనె ఖర్చుకు సంబంధించిన సంగతే. పిండి జల్లించాక జల్లెడలో రవ్వ మిగులుతుంది. అది ఉదయం ఉప్మాకు మొదలు.

బెల్లంలో కాస్త నీళ్ళు పోసి కరిగించి, ఇసుక, చెత్త లేకుండా వడకట్టండి. మళ్ళీ పొయ్యి మీద పెట్టి పాకం పట్టండి. పళ్ళెంలో నీళ్ళు పోసి, ఒక చుక్క పాకం వేసి, వేలితో కూడదీస్తే మెత్తటి ఉండ కావాలి. అప్పుడు దించి పిండి కొంచెం కొంచెంగా కలపండి. పిండి అంతా ఒకేసారి పోయకండి. ఒక్కో బెల్లం ఒక్కో రకంగా పిండి పట్టుకుంటుంది. ఒక గ్లాసు పిండి పక్కన మిగిలితే మంచిదే. అందులో ఉప్పు, జీలకర్ర, పెసరపప్పు వేసి కుడుములు ఆవిరి మీద ఉడికించుకోవచ్చు. పాకం గిన్నెకు అంటుకున్న బెల్లం ఉంటుంది చూడండి, అది వేడిగా ఉండగానే రెండు గుప్పిళ్ళ బొరుగులు అందులో వేసి తిప్పండి. గిన్నె శుభ్రం, పిల్లలకు తినడానికి ఏదో ఒకటి దొరికింది.

ఇలా పాకంలో కలిపిన చలిమిడి ఒక రాత్రి నిలవ ఉంటే అరిసె ఇంకా బాగా వస్తుంది. అందుకని మొత్తం ఒకే రోజు చేయాల్సిన పని లేదు. ఒత్తి నూనెలో వేసి, పొంగాక తీసి, అరిసెల చెక్కల మధ్య పెట్టి గట్టిగా నొక్కండి. నొక్కితే కారిన నూనె మళ్ళీ బాణలిలోకే పడాలి. అలా కుదరకపోతే కింద ఒక గిన్నె పెట్టండి.

ఇక్కడ వరస ఎంత ముఖ్యమో వినండి. పండగకు మురుకులూ చేస్తాం, అప్పడాలూ వేయిస్తాం, అరిసెలూ చేస్తాం. ఏవి ముందు? బెల్లం కలిసిన వంట నూనెలో వేస్తే నూనె త్వరగా నల్లబడుతుంది. అడుగున మాడు చేరుతుంది. అరిసెలు ముందు చేస్తే ఆ నూనెలో మురుకులు వేయలేం. వేస్తే రంగూ పోతుంది, రుచీ పోతుంది. మళ్ళీ కొత్త నూనె పోయాలి. కాబట్టి ముందు అప్పడాలు. తర్వాత మురుకులు. చివరికి అరిసెలు, బూరెలు. ఒకే బాణలి, ఒకే నూనె. మళ్ళీ చెబుతాను. ముందు ఉప్పువి, చివరికి బెల్లానివి. ఈ ఒక్క వరస పాటిస్తే పండగకు కొనే నూనెలో గట్టి తేడా కనిపిస్తుంది.

అరిసెలు తలుచుకుంటే దీపావళి అమావాస్య నాటి కేదారేశ్వర నోము గుర్తుకొస్తుంది. ఆ నోము పట్టే ఇళ్ళలో 21 అరిసెలు, 21 తమలపాకులు, 21 వక్కలు, 21 పోగుల దారం పెడతారు. 21 అరిసెలంటే చాలా అనిపిస్తుంది. లెక్క 21 అని చెప్పారు. అరచేయంత ఉండాలని ఎవరూ చెప్పలేదు. రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్దవిగా ఒత్తి, నోముకు ఎత్తుకునే ఇళ్ళు ఉన్నాయి. నోముకు లోటు లేదు. పిల్లలకు తలా ఒకటి వస్తుంది. పెద్ద అరిసె సగం తిని వదిలేసే పిల్లవాడు చిన్న అరిసె పూర్తిగా తింటాడు. నేను చిన్న అరిసెల పక్షాన ఉంటాను.

ఇలా చెబుతుంటే ఎవరికైనా ఒక సందేహం రావచ్చు. ఇంత లెక్క చూసుకుంటే ఇంటికొచ్చిన వాళ్ళకు పెట్టేదెలా అని. తిరువళ్ళూరు వీరరాఘవస్వామి గుడి కథ మీకు తెలిసే ఉంటుంది. శాలిహోత్ర మహర్షి ఏడాది పాటు ఉపవాసం ఉన్నాడు. వ్రతం ముగిశాక బియ్యప్పిండి సిద్ధం చేసుకుని, భాగాలు పెట్టాడు. తినబోయే సమయానికి ఒక ముసలి అతిథి వచ్చాడు. ఋషి ఒక భాగం పెట్టాడు. అతిథికి ఆకలి తీరలేదు. తన కోసం ఉంచుకున్న భాగం కూడా ఇచ్చేశాడు. తిన్న తర్వాత ఆ అతిథి ఎక్కడ పడుకోను అని అడిగి, చూపించిన చోటే శయనించాడు. ఆయనే వీరరాఘవుడని కథ. అమావాస్యకు ఆ కోనేట్లో బెల్లం వేసి మొక్కు తీర్చుకునేవాళ్ళను ఇప్పటికీ చూస్తాం. ఆ కథలో నాకు నచ్చేది ఒకటుంది. ఋషి ముందే భాగాలు పెట్టుకున్నాడు. అందులో అతిథి భాగం కూడా ఉంది. కొలత తెలిసిన ఇంట్లోనే అనుకోకుండా వచ్చినవాళ్ళకు పెట్టడానికి ఏదో ఒకటి ఉంటుంది. కొలత లేకుండా వండిన ఇంట్లో మొదటి రోజు పారబోస్తారు, మూడో రోజు డబ్బా ఖాళీ.

పండగలకు ఒకదానికొకటి ఉన్న లంకె కూడా చూసుకోవాలి. ఆయుధ పూజకు మన వైపు కొట్లలో, వర్క్‌షాపుల్లో, లారీల దగ్గర, ఇళ్ళలో బొరుగులు, పుట్నాలు, బెల్లం పంచుతారు. మూడు చోట్ల నుంచి మూడు పొట్లాలు ఇంటికి వస్తాయి. నాలుగో రోజుకు బొరుగులు మెత్తబడి, ఎవరూ ముట్టుకోరు. వాటిని పొడి బాణలిలో సన్నటి సెగ మీద వేయిస్తే మళ్ళీ కరకరలాడతాయి. చల్లారాక గాలి దూరని డబ్బాలో పెట్టండి. కొన్ని వారాలకు కార్తీక దీపం వస్తుంది. ఆ రోజు తమిళ ఇళ్ళలో బొరుగుల ఉండలు చేస్తారు. మనమూ చేస్తాం. ఈ ఉండలకు అరిసె పాకం చాలదు. ముదురు పాకం కావాలి. నీళ్ళలో వేసిన చుక్క గట్టి ఉండై, పళ్ళెం మీద వేస్తే టక్కుమని చప్పుడు రావాలి. బొరుగులతో పాటు ఆ పొట్లంలోని పుట్నాలు, కాసిని వేయించిన చెనక్కాయ పలుకులు వేస్తే చాలు. చేతికి బియ్యప్పిండి రాసుకుని, వేడి మీదే ఉండ కట్టండి.

కొబ్బరికాయలు కూడా అంతే. ఆడి కృత్తికకు తిరుత్తణి కొండకు కావడి మోసి వచ్చిన ఇంట్లో, అమావాస్యకు వీరరాఘవుడి దగ్గరికి వెళ్ళి వచ్చిన ఇంట్లో, కొబ్బరి చిప్పలు ఉండిపోతాయి. ఆ రోజే తురిమి, తురుముకు ముప్పాతిక బెల్లం వేసి, దగ్గరయ్యేదాకా కలిపితే కొబ్బరి ఉండలు. అదే తురుము కజ్జికాయల్లోకీ వస్తుంది. పాయసానికి పాలు తీసిన కొబ్బరి పిప్పి పారేయకండి. దోరగా వేయించి, పప్పులు, మిరపకాయలు వేసి పొడి కొట్టుకోండి. ఇడ్లీకి బాగుంటుంది.

ఇక మన పొంగలి. కొన్నేళ్ళుగా పొంగల్ కానుకగా రేషన్ కొట్లలో కార్డుకు కిలో పచ్చిబియ్యం, కిలో పంచదార, ఒక చెరకు గడ ఇస్తున్నారు. ఆ కిలో బియ్యాన్ని పొంగలికే పూర్తిగా వాడాల్సిన పని లేదు. పావుకిలో బియ్యం, ఒక పిడికెడు వేయించిన పెసరపప్పు, పావుకిలో కంటే కాస్త ఎక్కువ బెల్లం వేస్తే అయిదారుగురికి సరిపోయే చక్కెర పొంగలి అవుతుంది. మిగతా ముప్పావు కిలో బియ్యం అరిసెలకు నానబెట్టుకోవచ్చు. పొంగలి కుండలో ముందుగా పోసేది ఏమిటి? బియ్యం రెండోసారి కడిగిన నీళ్ళు, కాసిని పాలు. అవి పొంగాక ఎక్కువైన నీళ్ళు తోడి పక్కన పెట్టి, బియ్యం వేస్తాం. ఆ తోడిన నీళ్ళు మధ్యాహ్నం గుమ్మడికాయ పులుసులో పోయండి. పులుసు చిక్కబడుతుంది. బియ్యం కడిగిన నీళ్ళను పండగ పొద్దున సూర్యుడికి ఎదురుగా పొంగించే ఆచారం మన ఇళ్ళలో ఉండగా, పొదుపు చిన్నతనం అని ఎవరంటారు?

జీడిపప్పు లేని పొంగలి పొంగలే కాదని పిల్లలు అంటారు. చెనక్కాయ పలుకులు నేతిలో దోరగా వేయించి, పొట్టు తీసి, రెండు బద్దలుగా చీల్చి వేయండి. మన మెట్ట పొలాల్లో పండే కాయ అది. మన బెల్లం కూడా దూరం నుంచి రానక్కర్లేదు. చెరకు మన దగ్గరే పండుతుంది. తిరువాలంగాడులో సహకార చక్కెర మిల్లే ఉంది. చిత్తూరు వైపు నుంచి బెల్లం వస్తుంది. బెల్లం కొనేటప్పుడు మరీ పచ్చగా మెరిసేదాని వెంట పడకండి. కాస్త ముదురు రంగుది తీసుకోండి. రంగు కోసం మందు కలపడం చాలా చోట్ల ఉంది.

రెండు జాగ్రత్తలు గట్టిగా చెప్పాలి. మిగిలింది వాడమన్నాను గానీ పాడైంది వాడమనలేదు. కట్టు వేడి వాతావరణంలో త్వరగా పులుస్తుంది. వార్చిన పూటే చారు పెట్టేయండి. కొబ్బరి పూర్ణం మర్నాటికి వాసన చూసుకునే తినాలి. వేయించిన నూనె వడకట్టి, వారం లోపల తాలింపులకు వాడేయండి. మళ్ళీ మళ్ళీ పొగ వచ్చేలా కాచకండి. నల్లబడి, జిగట పట్టిన నూనె ఇంట్లోవాళ్ళ ఒంటికి చేటు. పది రూపాయలు చూసుకుని ఆరోగ్యం పోగొట్టుకోవద్దు.

రెండోది ఇంకా ముఖ్యం. ఈ పొదుపంతా ఇంటి ఆడమనిషి నడుం మీద పడకూడదు. కట్టు దాచు, రవ్వ దాచు, పిప్పి దాచు అని చెప్పి, ఆ పనులన్నీ ఒక్కరికే వదిలేస్తే అది పొదుపు కాదు. ఆ ఇంట్లో ఆమె కష్టానికి వెల లేదని అర్థం. బెల్లం కొట్టడం మగవాళ్ళు చేయొచ్చు. కొబ్బరి తురమడం చేయొచ్చు. పాకం దించినప్పుడు ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు తిప్పాలి. అది ఒక్క మనిషి పని కానే కాదు. అరిసెలు చెక్కల మధ్య నొక్కడానికి బలమున్న చేతులే కావాలి. ఉద్యోగానికి రైలెక్కి మద్రాసు వెళ్ళొచ్చే కోడళ్ళు మన ఊళ్ళలో ఎంతమంది! వాళ్ళు రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరి, అప్పుడు నానబోసి, తెల్లవారుజామున లేచి వండాలంటే ఏ పండగా పండగలా ఉండదు. ఇంట్లో పనికి కూడా వరస వేసుకోండి. ఎవరు ఏ రోజు ఏం చేస్తారో సరుకుల చీటీ పక్కనే రాసుకోండి. ఓపిక లేని ఏడాది ఓళిగలు ఒక్కటే చేయండి. చారు దాంతోనే వచ్చేస్తుంది. పండగ నిండుతుంది.

చివరగా ఒక మనవి. ఈ వంటల పాళ్ళు చాలావరకు పెద్దవాళ్ళ చేతుల్లోనే ఉన్నాయి, కాగితం మీద లేవు. పదునేమిటో, పాకమేమిటో వాళ్ళు చూసి చెబుతారు. మన పిల్లల్లో చాలామంది తమిళ బడుల్లో చదువుకున్నవాళ్ళు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. అయినా పరవాలేదు. ఈ పండక్కి మీ అమ్మనో, అత్తనో, పెద్దమ్మనో పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ళ ఓళిగలు, వాళ్ళ చారు, వాళ్ళ అరిసెలు ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. ఎన్ని గ్లాసులు, ఎంతసేపు, ఏది ముందు, ఏది తర్వాత, అన్నీ అడగండి. తెలుగు రాస్తే తెలుగులో రాయండి. తమిళం వస్తే తమిళ అక్షరాల్లోనే రాయండి. ఈ పండగ లోపే రాయండి.